చేసిన పని దాచుకోవాలా, పంచుకోవాలా? గుణుపురం వైపు చిన్న ట్రస్టు ప్రశ్నకు నా జవాబు

ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం దగ్గర సవర గిరిజనుల ఊళ్లలో పనిచేసే ఒక చిన్న ట్రస్టు వాళ్లు అడిగిన ప్రశ్న ఇది. కొండ ఊటల నుంచి పైపులతో ఊళ్లకు మంచినీళ్లు తెస్తున్నారు, సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతున్నారు. పని ఎలా చేశామో, ఎంత ఖర్చయిందో, ఏం నేర్చుకున్నామో అంతా బయటపెడదామని కుర్రవాళ్లు అంటున్నారట. కార్యదర్శి గారు మాత్రం వద్దంటున్నారు. "మన పద్ధతి చూసి ఇంకొకరు చేసేస్తారు, దాతలు అటు పోతారు, లెక్కల్లో వంకలు వెతుకుతారు" అన్నది ఆయన భయం. పంచుకుంటే మాకు ఒరిగేదేమిటి, ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అని అడిగారు.

సూటిగా చెబుతాను. పంచుకోండి. పని చేసిన పద్ధతి, ఖర్చు, ఫలితం, కుదరనిది కూడా. మూసి ఉంచాల్సినవి కొన్నే, ముఖ్యంగా మీరు సేవ చేసే మనుషుల సొంత విషయాలు. ఇక లాభం సంగతి. చాలామంది ముందు దాతల గురించే ఆలోచిస్తారు. నేను చూసినంతలో మొదటి లాభం ఊళ్లో కనిపిస్తుంది, రెండోది మీ పనిలోనే కనిపిస్తుంది, మూడోది మీరు చేరలేని ఊళ్లలో, చాలావరకు ప్రభుత్వం ద్వారా కనిపిస్తుంది. దాతల డబ్బు వీటన్నిటి వెనక, నెమ్మదిగా వస్తుంది. వరస తలకిందులు చేసి, డబ్బు కోసమే పంచుకోవడం మొదలుపెడితే అది ప్రచారం అయిపోతుంది. దుప్పట్లు పంచుతూ దిగిన ఫొటో వల్ల పక్క ఊరివాడు నేర్చుకునేది ఏమీ ఉండదు.

నేను రాయగడ, గజపతి జిల్లాల్లో చిన్న సంస్థల దగ్గర చాలా ఏళ్లు ఫీల్డులో పనిచేశాను, ఆ తర్వాత ఆ సంస్థల లెక్కలూ రిపోర్టులూ చూశాను. కింద రాసేదంతా ఆ అనుభవంతోనే.

ముందు ఊరి సంగతి. మన ప్రాంతంలో బయటి నుంచి వచ్చిన సంస్థను జనం మర్యాదగానే చూస్తారు, కానీ నమ్మరు. నమ్మకపోవడానికి వాళ్లకు కారణాలున్నాయి. భూమి కాగితాల దగ్గర, అప్పుల దగ్గర, సంతలో తూకం దగ్గర మోసపోయినవాళ్లు. "ఈ పైపుల పేరు చెప్పి వీళ్లకు ఎంత వచ్చిందో, ఎంత మిగుల్చుకున్నారో" అని ప్రతి ఊళ్లోనూ అనుకుంటారు. మీ ముఖం మీద అనరు, అంతే. ఆ మాట పైకి రాకుండా లోపలే ఉన్నన్నాళ్లూ నెలనెలా మరమ్మతు చందా రాదు, శ్రమదానానికి మనుషులు రారు.

కాశీనగర్ వైపు ఒక ఊళ్లో మేం నీళ్ల ట్యాంకు గోడ మీదే లెక్క రాయించాం. పైపు ఎన్ని మీటర్లు, సిమెంటు ఎన్ని బస్తాలు, మేస్త్రీ కూలి ఎంత, ఊరి వాళ్ల శ్రమ విలువ ఎంత, దాత ఇచ్చింది ఎంత. ఒడియాలో, తెలుగులో పెయింటుతో పెద్ద అక్షరాల్లో రాశాం. ఊళ్లో సగం మందికి పైగా చదవడం రాదు కాబట్టి వార్డు మెంబరు సవరలో గట్టిగా చదివి చెప్పాడు. సిమెంటు దగ్గరకు వచ్చేసరికి వెనక కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, "అందులో రెండు బస్తాలు వానకు తడిసి గడ్డకట్టాయి కదా, అవి ఎక్కడ రాశారు?" అంది. ఆ బస్తాలు ఆవిడ ఇంటి అరుగు మీదే పెట్టారు మరి. అక్కడికక్కడే "వానకు పాడైనవి 2" అని ఇంకో వరస రాయించాం. మర్నాటి నుంచి ఆ ఊళ్లో మాట తీరే మారిపోయింది. ట్యాంకు లెక్క ఊరి లెక్క అయింది. ఆ తర్వాత కుళాయి వాషరు పోతే మా ఆఫీసుకు కబురు రావడం మానేసింది, వాళ్లే చందా వేసుకుని కొని బిగించుకునేవారు.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు 1994లోనే పంచాయతీ పనుల మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు ఊరి మధ్య గట్టిగా చదివి వినిపించే జన్ సున్‌వాయీలు మొదలుపెట్టారు. మన పక్కనే శ్రీకాకుళం, విజయనగరం వైపు బంధువులున్నవాళ్లకు ఉపాధి హామీ సామాజిక తనిఖీ తెలిసే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైంది. పేర్లు, పనిదినాలు, కూలి డబ్బులు ఊరందరి ముందు చదువుతారు, తర్వాత మండలంలో ప్రజావేదిక పెడతారు. ప్రభుత్వాన్ని లెక్క చెప్పమని అడిగే హక్కు ఊరికి ఉన్నప్పుడు, ఊరి పేరు మీద డబ్బు తెచ్చే మనల్ని అడిగే హక్కు ఉండదా? ఒడిశాలో మనకు పల్లీసభలు, అంటే ఊరి జనమంతా కూర్చునే సభలు, ఉండనే ఉన్నాయి. అందులో పది నిమిషాలు అడిగి తీసుకోండి చాలు.

రెండోది, పని మెరుగుపడటం. మీరు పైపుల పని చేస్తున్నారు కాబట్టి దాని ఉదాహరణే చెబుతాను.

ఊట నీళ్ల పనికి మేం ఒక అంచనా కాగితం తయారుచేసుకున్నాం. ఊట ధారను ఏప్రిల్, మే నెలల్లోనే కొలవాలి, వానలు పడ్డాక కొలిస్తే లెక్క తప్పుతుంది. బకెట్టు ఎన్ని సెకన్లలో నిండిందో చూస్తే చాలు. ఊట నుంచి ట్యాంకు దాకా ఎత్తు తేడా ప్రతి 10 మీటర్లకూ పైపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో పెరుగుతుంది. ఆరు కిలోల ఒత్తిడి తట్టుకునే పైపు వేస్తే 60 మీటర్లు దిగేసరికి దాని తాహతు అయిపోతుంది, కాబట్టి అంతకు ముందే మధ్యలో ఒక చిన్న తొట్టి కట్టి ఒత్తిడి తీసేయాలి. పైపును అడుగున్నర లోతున పాతాలి. పైకి తేలిన చోట పోడు మంటకు ప్లాస్టిక్ పైపు కాలి కరిగిపోతుంది. ఇవన్నీ, ధరలతో సహా, రెండు పేజీల్లో రాసి అడిగినవాళ్లకల్లా ఇచ్చాం.

ఆ కాగితం చేతులు మారి సరిహద్దు దాటి సీతంపేట కొండల్లో పనిచేసే ఇంకో సంస్థకు చేరింది. వాళ్లు అదే చూసి పని చేశారు, చేశాక మాకు ఒక ఉత్తరం పంపారు. బండ నేలలో అడుగున్నర లోతు తవ్వడం కుదరదు, తవ్వామని కూలీలు చెప్పినా మొదటి వానకే మట్టి కొట్టుకుపోయి పైపు బయటపడుతుంది, అందుకే బండ ఉన్న మేరకు ఇనుప జీఐ పైపు వేసి, మళ్లీ మట్టి నేల రాగానే ప్లాస్టిక్ పైపుకు కలిపాం అని రాశారు. ఖర్చు ఎంత పెరిగిందో, రెండు రకాల పైపుల మధ్య అతుకు ఎలా వేయాలో బొమ్మ గీసి పంపారు. ఆ బొమ్మ ఆ తర్వాత మా ప్రతి పనిలోనూ వాడుకున్నాం. మా కాగితం మా బీరువాలోనే ఉండి ఉంటే ఆ సలహా మాకు ఎవరిస్తారు? కన్సల్టెంటును పెట్టుకున్నా ఆ బండ మీద నడిచినవాడికి తెలిసింది అతనికి తెలియదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మన దగ్గర ఫీల్డు కోఆర్డినేటర్లు ఎక్కువ కాలం నిలవరు. లైవ్లీహుడ్స్ మిషన్‌లోనో, ఇంకో ప్రాజెక్టులోనో నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే వెళ్లిపోతారు, వాళ్లను తప్పు పట్టలేం. వాళ్లతో పాటే ఏ ఊళ్లో ఎవరితో మాట్లాడాలి, ఏ వాల్వు ఎక్కడుంది, ఏ నెలలో ఏ పని ముట్టుకోకూడదు అన్న జ్ఞానమంతా వెళ్లిపోతుంది. బయటివాళ్లకు అర్థమయ్యేలా రాసిపెట్టే అలవాటున్న సంస్థలో కొత్తగా వచ్చినవాడు నెల రోజుల్లో పని అందుకుంటాడు. మన కోసం రాసుకునే నోటు ఎప్పుడూ సగమే రాస్తాం. బయటివాడు చదువుతాడని తెలిస్తేనే పూర్తిగా రాస్తాం.

ఇప్పుడు మూడోది, నా మనసుకు అన్నిటికన్నా పెద్దది. మీరు మీ చేతులతో చేరలేని ఊళ్లకు మీ పని చేరడం.

మహారాష్ట్రలోని గడ్చిరోలి మనలాంటి సరిహద్దు జిల్లాయే. సిరొంచ వైపు వెళితే ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 'సెర్చ్' అనే సంస్థ పెట్టి పనిచేస్తున్నారు. పుట్టిన నెలలోపే పసిబిడ్డలు చనిపోతుంటే, ఆసుపత్రి దూరమైన ఊళ్లలో ఏం చేయగలం అని ఆలోచించి, ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, బరువు చూడటం, ఊపిరి ఆడకపోతే ఏం చేయాలి, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ మొదలైతే ఎలా గుర్తుపట్టాలి, మందు ఎలా ఇవ్వాలి, ఇవన్నీ నేర్పారు. 39 ఊళ్లలో ఈ సేవ అందించి, పక్కనే 47 ఊళ్లను పోల్చి చూడటానికి పెట్టుకున్నారు. మూడో ఏడాదికి, పోల్చిన ఊళ్లతో చూస్తే, నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ఆ లెక్కలన్నీ, పద్ధతితో సహా, లాన్సెట్ అనే ప్రపంచ ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రచురించారు. ఇది సరికాదు అనదలచినవాళ్లు లెక్క వేసి చూసుకోవడానికి వీలుగా అంతా తెరిచి పెట్టారు. తర్వాత మహారాష్ట్రలోనే మరో ఏడు చోట్ల వేరే సంస్థల చేత అదే పని చేయించి చూశారు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటి దగ్గరే నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తల పనిలో చేర్చింది. ఈరోజు మన రాయగడలో ఆశా దీదీ బాలింత ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా వచ్చి బిడ్డను చూసి వెళ్తోందంటే దాని మూలం ఆ గడ్చిరోలి ఊళ్లలోనే ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. 39 ఊళ్లలో మేం బాగా చేస్తున్నాం, ఇది మా ప్రత్యేకత అని వాళ్లు దాచుకుని ఉంటే ఆ 39 ఊళ్ల పిల్లలే బతికేవాళ్లు. ఏ దాత ఎంత డబ్బు ఇచ్చినా ఒక సంస్థ దేశమంతా తిరిగి ఆ పని చేయలేదు. "ఇంకొకరు చేసేస్తారు" అన్న మీ కార్యదర్శి గారి భయానికి నా జవాబు ఇదే. ఇంకొకరు చేయడమే మనకు కావాల్సింది. గుణుపురం బ్లాకులో మీరు నీళ్లు ఇచ్చారు, మీ కాగితం చూసి పద్మపూర్ బ్లాకులో ఇంకెవరో ఇచ్చారు అనుకోండి. అక్కడి ఆడపిల్ల కొండెక్కి బిందె మోయడం తప్పింది. అందులో మనకు పోయిందేమిటి?

మన పక్కన బరంపురం దగ్గర మొహుదాలో ఉన్న గ్రామ్ వికాస్ సంగతి కూడా మీకు పనికొస్తుంది, ఎందుకంటే వాళ్లదీ నీళ్ల పనే. 1979 నుంచి ఉన్న సంస్థ. ఊళ్లో ప్రతి ఇల్లూ చేరితేనే పని మొదలుపెడతారు, ఒక్క ఇల్లు మిగిలినా మొదలుపెట్టరు. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున నిధి కూడబెట్టి, దాని వడ్డీతో తర్వాత వచ్చే కొత్త ఇళ్లకు సాయం చేస్తారు. మరుగుదొడ్డి, స్నానాల గది, ఇంట్లోకి కుళాయి నీళ్లు మూడూ కలిపి ఇస్తారు. ఈ పని నిజంగా ఫలితం ఇస్తోందా అని ఆర్థికవేత్త ఎస్తర్ డుఫ్లో, మరికొందరు పరిశోధకులు వాళ్ల ఊళ్ల లెక్కలు తీసి చూశారు. నీళ్ల విరేచనాల కేసులు 30 నుంచి 50 శాతం దాకా తగ్గాయని 2015లో తేల్చారు. "మా పని బాగుంది" అని మనం వందసార్లు చెప్పుకున్నా, లెక్కలు తెరిచి బయటివాళ్లను చూడనిస్తే వాళ్లు ఒక్కసారి చెప్పినదానికి సాటిరాదు. అలా చూడనివ్వడానికి ధైర్యం కావాలి, ఫలితం ఎటైనా రావచ్చు. కానీ రాసిపెట్టిన లెక్కలు లేని సంస్థకు ఆ అవకాశమే ఉండదు.

ప్రభుత్వం వైపు నుంచి ఇంకో మాట. ఒడిశా మిల్లెట్స్ మిషన్ 2017లో ఏడు జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో మన గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి ఉన్నాయి. చోడి, సామ లాంటి చిరుధాన్యాల పంటల మీద ఊళ్లలో పనిచేయడానికి బ్లాకుల వారీగా స్థానిక సంస్థలనే తీసుకున్నారు. ఇలాంటి పథకం వచ్చినప్పుడు అధికారులకు ఉండే సమయం తక్కువ. మీ బ్లాకులో మీరేం చేశారో నాలుగు పేజీల్లో చదవడానికి దొరికితే మిమ్మల్ని పిలుస్తారు. దొరకకపోతే భువనేశ్వర్‌లో ఆఫీసున్న పెద్ద సంస్థను పిలుస్తారు.

చదువు పనికి వస్తే, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన 'స్టోరీవీవర్' చూడండి. పిల్లల కథల పుస్తకాలు బొమ్మలతో సహా ఎవరైనా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు, రాసినవాళ్ల పేరూ బొమ్మలు వేసినవాళ్ల పేరూ చెబితే చాలు. దీన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు అంటారు. మన సవర, కుయి పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో పుస్తకం దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. వ్యాపారంగా చూస్తే ఏ ప్రచురణ సంస్థకూ గిట్టుబాటు కాదు. తెరిచి పెట్టబట్టే ఎక్కడెక్కడి వాళ్లో తలో చేయి వేసి చిన్న భాషల్లోకి తెస్తున్నారు. మీ టీచర్లు సాయంత్రం బడిలో పిల్లలకు చెప్పే సవర పాటలు, లెక్కల ఆటలు రాసి ఇలాగే వదలండి. మీ పేరు దాని మీదే ఉంటుంది, ఎక్కడికీ పోదు. లిపి గురించి టెన్షన్ పడకండి. సవరకు 1936లో మంగేయ్ గొమాంగో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది, కానీ మీ ఊరి పిల్లలు బడిలో ఏ లిపి చదువుతున్నారో అందులో రాస్తేనే వాడుకలోకి వస్తుంది. ఒడియా లిపి అయితే ఒడియా, సరిహద్దు అవతల ఆంధ్రలో అయితే తెలుగు.

ఇక దాతలు. ఇక్కడ గాలి మాటలు చెప్పను, తెరిచి పెట్టినంత మాత్రాన మర్నాడే డబ్బు రాదు. కానీ వచ్చే డబ్బు ఆగిపోయే కారణాలు తగ్గుతాయి. నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలని చట్టం. మన చుట్టుపక్కల కాగితం మిల్లు, అల్యూమినా కర్మాగారం ఉన్నాయి కాబట్టి ఇది మీకు దగ్గరి విషయమే. ఆ డబ్బు తీసుకునే సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 అనే నమోదు ఫారం దాఖలు చేసి ఉండాలి. కంపెనీలో మీ ఫైలు చూసే ఉద్యోగికి మీరెవరో తెలియదు. 12ఏ, 80జీ అని పిలిచే పన్ను మినహాయింపు నమోదు నంబర్లు, ఆడిట్ రిపోర్టు, కమిటీ సభ్యుల పేర్లు, నిరుటి పని, ఇవన్నీ అడగకముందే ఒకచోట కనిపిస్తే అతను పై అధికారికి ధైర్యంగా సిఫారసు చేయగలడు. కనిపించకపోతే మీకు ఉత్తరం రాసి, మీ జవాబు కోసం ఎదురుచూసే ఓపిక అతనికి ఉండదు.

చిన్న దాతల విషయం ఇంకా సున్నితం. బరంపురంలోనో, విశాఖలోనో ఉద్యోగం చేసుకుంటూ అమ్మ పేరు మీద ఐదు వేలు ఇచ్చేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లు రసీదు కన్నా ఎక్కువగా కోరుకునేది ఆ డబ్బు ఎక్కడికి వెళ్లిందో తెలియడం. "మీ ఐదు వేలతో ఫలానా ఊళ్లో ఇన్ని మీటర్ల పైపు పడింది, అందులో ఇంత బండ మీద" అని రాసి పంపండి. అలా పంపిన ఇళ్ల నుంచి మరుసటి ఏడాది అడగకుండానే డబ్బు రావడం నేను చూశాను, పైగా పక్కింటివాళ్లది కూడా కలిపి పంపుతారు.

కార్యదర్శి గారి మూడో భయం, వంకలు వెతుకుతారని. వెతుకుతారు, అది నిజం. "ఇంటి గుట్టు లంకకు చేటు" అనుకుంటూ పెరిగినవాళ్లం కాబట్టి ఈ భయం సహజం కూడా. కానీ ఇప్పుడు మీరు దాచినా దాగేది ఎంత? విదేశీ విరాళాలు తీసుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం కింద ఏటా లెక్కలు దాఖలు చేయాలి, 2020 సవరణ తర్వాత అందులో ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. ప్రభుత్వం నుంచి గణనీయంగా డబ్బు అందే సంస్థలు సమాచార హక్కు చట్టం కిందకు వస్తాయని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎలాగూ బయటపడే అంకె మన నోటితో, కారణంతో సహా బయటపడితే దాని బరువు వేరు. జీపు డీజిల్‌కు ఇంత అయిందని ఒట్టి అంకె చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. "వానాకాలం మూడు నెలలు ఘాట్ రోడ్డు తెగిపోయి చుట్టూ తిరిగి వెళ్లాం" అని పక్కనే రాసి ఉంటే అది అనుమానం దాకా పోదు. జీతాలు కూడా రాయండి. సేవా సంస్థలో జీతం తీసుకోవడం నేరమన్నట్టు సిగ్గుపడటం మనకు అలవాటు. పని చేసే మనిషికి కూడు కావాలి, అది దాచాల్సిన విషయం కాదు.

కుదరని పని గురించి చెప్పడం అన్నిటికన్నా కష్టం, కానీ పక్కవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. గజపతి జిల్లాలో నాకు తెలిసిన ఒక సంస్థ తన వార్షిక నివేదికలో సాయంత్రం బడి హాజరు మార్చి నుంచి మే దాకా బాగా పడిపోతోందని ఉన్నదున్నట్టు రాసింది. జీడిపిక్కలు, ఇప్పపువ్వు ఏరే రోజులు కదా, పిల్లలు తెల్లవారుజామునే తల్లుల వెంట వెళ్లి సాయంత్రానికి అలసిపోయి నిద్రపోతారు. అది చదివి ఇంకో రెండు సంస్థల వాళ్లు "మా దగ్గరా ఇంతే, పైకి చెప్పలేదు" అన్నారు. ముగ్గురూ కూర్చుని ఆ మూడు నెలలూ బడిని సంత లేని రోజుల్లో మధ్యాహ్నానికి మార్చారు. ఎవరికి వారు "హాజరు 90 శాతం" అని రాసుకుంటూ ఉంటే ఆ పిల్లల చదువు ఏటా మూడు నెలలు అలాగే పోయేది.

ఇప్పుడు ఏది బయట పెట్టకూడదు అన్నది. దీని మీద నేను కఠినంగానే ఉంటాను.

పిల్లల ముఖాలు, పేర్లు, ఊరి పేరు మూడూ కలిపి ఎప్పుడూ వద్దు. లైంగిక వేధింపులకు గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం పోక్సో చట్టం 23వ సెక్షన్ కింద నేరం, సంరక్షణ అవసరమైన పిల్లల వివరాల మీద బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉంది. చట్టం మాట అటుంచండి. "తండ్రి తాగుబోతు, తల్లి వదిలేసి పోయింది" అని రాసి పిల్లవాడి ఫొటో దాతలకు పంపే నివేదికలు నేను చూశాను, చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లవాడు పెద్దయ్యాక అది చదువుకోడా? టీబీ, కుష్టు, హెచ్‌ఐవీ రోగుల వివరాలు, ఇంట్లో దెబ్బలు తిని మీ దగ్గరికి వచ్చిన ఆడవాళ్ల సంగతులు, భూ తగాదాల్లో ఎవరు ఏ పక్షమో, ఇవన్నీ మీ లోపలి ఫైలులోనే ఉండాలి. ఊరి మొత్తం అంకెలు చెప్పండి. ఊళ్లో ఒక్కరే రోగి అయితే ఆ అంకె కూడా చెప్పకండి, ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

కొండ మీద మందు మొక్కలు ఎక్కడున్నాయి, పూజలు చేసే వనం ఎక్కడుంది, ఏ వేరు దేనికి వాడతారు అన్నది మీది కాదు, ఊరిది. నియమగిరి కొండల విషయంలో 2013లో 12 పల్లీసభలు కూర్చుని బాక్సైట్ గని వద్దని తేల్చి చెప్పిన జిల్లాలు మనవి. అలాంటి ఊళ్ల జ్ఞానాన్ని మన నివేదికలో వేసుకునే ముందు పల్లీసభలో అడగాలి, వాళ్లు వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. సిబ్బంది ఏ రోజు ఏ దారిన, ఎంత డబ్బుతో వెళ్తున్నారన్నదీ ముందుగా బయటికి చెప్పొద్దు.

ఇదంతా చేయడానికి సమయం పడుతుంది. నెలకు ఒకరిది ఒక పూట అనుకోండి. చిన్న సంస్థకు అది తక్కువేం కాదు. అందుకే అన్నీ ఒకేసారి ఎత్తుకోకండి, డిజైనర్ చేత రంగుల పుస్తకం వేయించకండి. ఒక్కో పనికి ఒక్క పేజీ చాలు. ఏం చేశాం, ఎక్కడ, ఎంతయింది, ఊరు ఎంత పెట్టింది, ఏది నిలబడింది, ఏది నిలబడలేదు, మళ్లీ చేస్తే ఏం మారుస్తాం. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. బయటికి వెళ్లే ముందు మీ అకౌంటెంటుతో పాటు ఆ ఊరి మనిషి ఒకరు తప్పకుండా వినాలి. "ఇది మా గురించి ఇలా చెప్పొచ్చా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది ఆ మనిషే.

కార్యదర్శి గారితో వాదన పెట్టుకోవద్దు. ఆయన పేరు మీద రిజిస్టరైన సంస్థ, రేపు ఏదైనా నోటీసు వస్తే సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆ బాధ్యత కుర్రవాళ్లకు తెలియాలి. ఆయన దగ్గరికి మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు పట్టుకెళ్లి, "ఇవి ఇప్పటికే ఆడిటరు చూసినవి, పన్ను శాఖకు వెళ్లినవి. వీటిలో మన ఊళ్ల వాళ్లు చూడకూడనిది ఏముందో మీరే గుర్తు పెట్టండి" అని అడగండి. చాలాచోట్ల ఆ పెన్సిలు గుర్తులు రెండో మూడో ఉంటాయి, వాటిలోనూ చాలావరకు వివరణ రాస్తే సరిపోయేవే. ఆయన ఒప్పుకున్న మేరకు మొదలుపెట్టండి. ముందు మీరు ఈ ఏడాది పూర్తిచేసిన నీళ్ల పని ఒక్కటే తీసుకుని, దాని లెక్క ట్యాంకు గోడ మీద రాయించండి. చదివి వినిపించే రోజున ఆయన్నే ముందు కూర్చోబెట్టండి, ఊరి వాళ్లు అడిగే ప్రశ్నలకు ఆయన చేతే జవాబు చెప్పించండి. పైపుల అంచనా కాగితం మీ దగ్గర ఉంటే పంపండి. ఆ బండ నేల అతుకు బొమ్మ దానికి జతచేసి తిప్పి పంపుతాను.